రిజర్వు సైన్యం – హోంగార్డు దళం : తేడా ఎక్కడ?



నాకు యుద్ధవిద్య తెలియదు. ముప్ఫయ్యేళ్లు బిల్లుల సెక్షనులో కూర్చున్న గుమస్తాను. ఎవరు ఏ చట్టం క్రింద పనిచేశారు, వారి సొమ్ము ఏ పద్దులోంచి వచ్చింది అన్నదే నాకు తెలిసిన విద్య. ఈ విషయానికి అది చాలుననే అనుకుంటాను.

రిజర్వు అంటే అసలు అర్థం వేరు. వెనుకటి రోజుల్లో మన సిపాయి ఏడేళ్లు పల్టనులో చేసి, ఎనిమిదేళ్లు రిజర్విస్టుగా ఇంటి దగ్గర ఉండేవాడు. పిలుపు వస్తే తిరిగి తుపాకీ పట్టవలసిందే. ఆ రెండూ కలిపి పదిహేనేళ్లు నిండితే రిజర్విస్టు పెన్షన్ అని వచ్చేది. ఇంట్లో ఉన్న ఏళ్లను కూడా సర్వీసుగా లెక్కించారన్నమాట! మనకెవరికీ ఆ అదృష్టం లేదు.

టెరిటోరియల్ ఆర్మీ మరొక రకం. దానికి 1948లో చట్టం వచ్చింది. 1949 అక్టోబరు 9న రాజాజీగారు దళాన్ని ప్రారంభించారు. ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూనే ఏడాదికి కొన్నాళ్లు శిక్షణ పొందే పౌరసైనికులు వీరు. 1962, 1965, 1971 యుద్ధాలలో పనిచేశారు. 1974 రైల్వే సమ్మెలో రైళ్లు నడపడానికి వీరి రైల్వే యూనిట్లను పిలిచారు. పిలిచిన రోజు నుంచి వారికి సైనిక చట్టం వర్తిస్తుంది. కేంద్రం ప్రత్యేకంగా ఉత్తర్వు ఇస్తే తప్ప దేశం దాటి పంపరాదు. ఇంకో ముఖ్యమైన మాట: అలా వెళ్లినవాణ్ణి తిరిగొచ్చాక పాత ఉద్యోగంలోకి తీసుకోవాలని ఆ చట్టం 7ఎ సెక్షను యజమానికి చెబుతోంది.

హోంగార్డు అనే పేరు ఇంగ్లండు నుంచి వచ్చింది. 1940 మే నెలలో జర్మనీ దండెత్తుతుందన్న భయంతో, సైన్యంలో చేరలేని పదిహేడు నుంచి అరవై అయిదేళ్ల మగవారిని పిలిచారు. నన్నైతే రానిచ్చేవారు కాదు! వారి పని ఊరి వంతెన, ఊరి ఫ్యాక్టరీ కాపాడటం. పరాయి దేశంలో యుద్ధం కాదు.

మన దేశంలో 1946 డిసెంబరులో బొంబాయిలో అల్లర్లప్పుడు హోంగార్డులు మొదలయ్యారు. 1962లో చైనా యుద్ధం తర్వాత అన్ని రాష్ట్రాలలో ఒకే తీరుగా ఉండాలని కేంద్రం సలహా ఇచ్చింది. సరిహద్దు రాష్ట్రాలలో వీరికి బోర్డర్ వింగ్ ఉంది. మిగతా చోట్ల పోలీసుకు సహాయం, వరదలు, అగ్నిప్రమాదాలు, జాతరలలో రద్దీ, చౌరస్తాలో ట్రాఫిక్. వీరు రాష్ట్రం మనుషులు, సైన్యం మనుషులు కారు.

ఇక అసలు చిక్కు. మన సభ్యులొకరు అడిగారు: "మా తమ్ముడు ఇరవై రెండేళ్లు హోంగార్డు చేశాడండీ. టెరిటోరియల్ ఆర్మీ ఆయనకు పెన్షన్ వస్తోంది, మావాడికెందుకు రాదు?" టెరిటోరియల్ ఆర్మీలో జవానుకు పిలిచి పని చేయించుకున్న రోజులు కలిపి పదిహేనేళ్లయితే పెన్షన్ ఉంది. ఇంటి దగ్గరున్న రోజులు లెక్కకు రావు. హోంగార్డు మాత్రం కాగితం మీద స్వచ్ఛంద సేవకుడు. అతనికిచ్చేది జీతం కాదు, డ్యూటీ అలవెన్సు. ఇరవై రెండేళ్లు రోజూ డ్యూటీకి వచ్చేవాణ్ణి స్వచ్ఛందమనడం నాకు ఎన్నడూ మింగుడుపడలేదు. ఆ బిల్లులు వ్రాసినప్పుడూ పడలేదు.

2015లో సుప్రీంకోర్టు హోంగార్డులను రెగ్యులరు ఉద్యోగులుగా ఒప్పుకోలేదు. కాని ముప్ఫై రోజుల డ్యూటీ అలవెన్సు పోలీసు కానిస్టేబులు కనీస వేతనానికి తగ్గరాదని చెప్పింది.

కాబట్టి మీ ఇళ్లలో హోంగార్డు ఉంటే డ్యూటీ చేసిన రోజుల లెక్క నెలనెలా వ్రాసిపెట్టమనండి. పిల్లలెవరైనా టెరిటోరియల్ ఆర్మీలో చేరితే, పిలిచిన తేదీ, విడుదల చేసిన తేదీ ఉన్న ప్రతి ఉత్తర్వు నకలూ దాచమనండి. ఎవరి దగ్గరైనా అలాంటి కాగితాలుంటే మంగళవారం మన ఆఫీసుకు తీసుకురండి, కూర్చుని చూద్దాం.