బీరువాలోని లోకము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగము)



బాలల కల్పిత కథలను పెద్దలు తేలికగా చూచుట పరిపాటి. మాయలు, మంత్రములు, మాటలాడు మృగములు - వీనివలన పిల్లలకు ఒరగున దేమని వారి ప్రశ్న. ఆంగ్లభాషలో మిక్కిలి ప్రసిద్ధికెక్కిన యొక బాలకథను పరిశీలించినచో దీనికి సమాధానము దొరకును.

దాని కర్త సి. యస్. లూయిస్. 1898లో బెల్ఫాస్టు నగరమున జన్మించి, ఆక్స్‌ఫర్డులో ఆంగ్ల సాహిత్యమును బోధించిన పండితుడు. బాల్యమున అన్నదమ్ము లిద్దరును కల్పిత దేశముల నల్లుకొనిరి. తమ్మునిది జంతువుల దేశము. అన్న తన దేశమునకు పెట్టుకొన్న పేరు ఇండియా! 1908లో తల్లి గతించునప్పటికి లూయిస్‌కు తొమ్మిదేండ్లు. ఆ బాలుడే పెద్దవాడై, సింహము, మంత్రగత్తె, బట్టల బీరువా అను మూడింటి పేర శీర్షిక గల గ్రంథమును 1950లో వెలువరించెను. 1956 నాటికి ఆ వరుసలో ఏడు గ్రంథములు పూర్తియయ్యెను.

కథ యిది. 1939లో యుద్ధ మారంభము కాగానే, విమానదాడులకు వెఱచి బ్రిటనులోని నగరములనుండి పిల్లలను పల్లెలకు పంపిరి. అట్లు లండను విడిచి యొక వృద్ధ ఆచార్యుని యింట చేరినవారు పీటరు, సూసాను, ఎడ్మండు, లూసీ అను తోబుట్టువులు. వానపడుచున్న దినమున ఇల్లంతయు చూచుచు, కడగొట్టు పిల్ల లూసీ బట్టల బీరువాలో దూరెను. కోట్ల వెనుక చెక్కకు బదులు మంచు తగిలెను. అది నార్నియా దేశము. మంత్రగత్తె మాయచే అచట ఎల్లప్పుడును శీతకాలమే. తిరిగివచ్చి చెప్పగా ఎవ్వరును నమ్మరైరి.

పిమ్మట ఎడ్మండును అందు ప్రవేశించెను. మంత్రగత్తె అతనిని మిఠాయితో వశపఱచుకొనెను. బ్రిటనులో మిఠాయిలకు 1953 వఱకు రేషను ఉండెను. ఆనాటి పిల్లలకు ఆ ప్రలోభ మెంతటిదో ఊహింపవచ్చును. అన్నయు చూచినాడని లూసీ పొంగిపోవుచుండగా, అదంతయు ఆటయని ఎడ్మండు బొంకెను. కన్నులార చూచినదానిని కాదనుటకంటె చెల్లెలికి చేయదగిన అపకారము వేఱొండు కలదా?

పెద్దపిల్లలు మొఱపెట్టగా ఆచార్యుడు నవ్వలేదు. ఇద్దరిలో ఎవరు సత్యవాదులని అడిగెను. లూసీయే యనిరి. ఆమెకు మతి చెడలేదు, అబద్ధమాడు అలవాటు లేదు. కావున వేఱు నిదర్శనము దొరకువఱకు నిజమే చెప్పుచున్నదని యెంచవలె నని తీర్పు చెప్పెను.

నలుగురును నార్నియా చేరిన పిదప, ఎడ్మండు తనవారిని విడిచి మంత్రగత్తెను చేరెను. అస్లాను అను సింహము అతనిని విడిపించి, గడచినదానిని ఎత్తవలదని తోబుట్టువులకు చెప్పెను. ద్రోహికి విధింపబడిన మరణమును అతనికి బదులు తానే పొంది, మరల లేచెను. లూయిస్ క్రైస్తవ విశ్వాసపు ఛాయ ఇచట స్పష్టము. తుదకు నలుగురును సింహాసన మెక్కిరి. బొంకిన యెడ్మండునకే న్యాయశీలుడను బిరుదము లభించెను.

మన ప్రవరుడు పాదలేపముతో హిమగిరి కేగెను. మంచునకు లేపము కరగెను గాని నిష్ఠ కరగలేదు. ఈ కథయందును బీరువా ద్వారము మాత్రమే, పరీక్ష హృదయమునకు.

కావున పిల్లలను బాలల పుస్తకములకు దూరము చేయరాదు. వారు చెప్పుదానిని ఆ ఆచార్యునివలె ఆలకింపవలెను. తప్పు చేసి తిరిగివచ్చిన తోబుట్టువును చేర్చుకొనవలెను. చెల్లిన బాకీని మరల పద్దు వ్రాయుట ధర్మము కాదు.