ప్రీమియం కట్టినంత మాత్రాన: బీమా తగాదాలు, కోర్టుల తీర్పులు

(రేణిగుంటలో చేసిన స్మారకోపన్యాసం)



ఏ ప్లీడరుగారి జ్ఞాపకార్థం ఇవాళ ఇక్కడ కూడామో, ఆయన బీమా కేసుతో ఎవరొచ్చినా ముందు పాలసీ కాగితాలు అడిగేవారు. కష్టం వినడం ఆ తర్వాతే. మనిషి కటువని కొందరు అనుకునేవారు. కానీ కోర్టు కూడా చూసేది ఆ వరసలోనే అని ఆయనకు తెలుసు.

తెలుగువాళ్లకు బీమా వ్యాపారం కొత్త కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ పెట్టారు. రెండూ బందరులో, అంటే మచిలీపట్నంలోనే. 1956లో జీవిత బీమా అంతా ఎల్‌ఐసీ చేతికి వచ్చింది. దేశంలోని లా విద్యార్థులంతా చదివే ఒక దావా కూడా ఆ బందరులోనే పుట్టింది.

వాసిరెడ్డి వంశపు రాజావారొకరు 1960 డిసెంబరు 27న 50,000 రూపాయల పాలసీకి ప్రపోజల్ ఇచ్చారు. డాక్టరు పరీక్ష ఆ రోజే అయిపోయింది. మొదటి ప్రీమియం కింద రెండు చెక్కులిచ్చారు, ఒకటి 300కి, ఇంకొకటి 220కి. మొదటిది డిసెంబరు 29కల్లా మారింది. రెండోది చివరికి జనవరి 11న మారింది. మర్నాడే రాజావారు పోయారు. వారసులు డబ్బు అడిగితే, అసలు ఒప్పందమే కుదరలేదు పొమ్మని ఎల్‌ఐసీ మచిలీపట్నం డివిజనల్ ఆఫీసు జనవరి 28న జవాబిచ్చింది. సబ్ కోర్టు దావా కొట్టేసింది. హైకోర్టు వారసులకు డిక్రీ ఇచ్చింది. ఎల్‌ఐసీ సుప్రీంకోర్టుకెక్కింది. 1984 మార్చిలో గెలిచింది. లా విద్యార్థులు చదివే కోమలవల్లి కాంబ కేసు అంటే ఇదే.

డబ్బు తీసుకుని ఊరుకున్నంత మాత్రాన ప్రపోజల్ ఒప్పుకున్నట్టు కాదు, ఒప్పుకున్న సంగతి అవతలివాళ్లకు తెలియజెయ్యాలి అన్నది సుప్రీంకోర్టు. ఆ మొత్తానికి డివిజనల్ మేనేజరు ఒప్పుకోవాలి, ఆయన ఒప్పుకోలేదు. చట్టం లెక్కన తీర్పు తప్పని నేననను. కానీ నాకు ఇప్పటికీ మింగుడుపడదు: డబ్బు పుచ్చుకోవడానికి మౌనం చాలు, బాధ్యత మోయడానికి మాత్రం సంతకం కావాలా? ఆ మాట తేలడానికి ఇరవై మూడేళ్లు పట్టింది.

ఇక పాలసీలో రాసిన మాటల సంగతి. 2004లోనే సుప్రీంకోర్టు రెండు తీర్పులిచ్చింది. రోడ్డు పని చేసే బుల్డోజరు అదురుకు ఒక ప్రింటింగ్ ప్రెస్సు భవనం, మెషిన్లు దెబ్బతిన్నాయి. బండి వచ్చి తగిలితేనే ఇస్తామంది కంపెనీ. పాలసీలో మాట అంత ఖాయంగా లేదు, రెండు అర్థాలకు చోటుంటే పాలసీ తీసుకున్నవాడికి అనుకూలంగానే చదవాలంది కోర్టు. అదే ఏడాది ఇంకో కేసులో గోడౌను సరుకు దొంగలపాలైంది. బలప్రయోగం జరిగితేనే బర్గ్లరీ అని పాలసీలో స్పష్టంగా ఉంది, తాళం పగలగొట్టిన జాడ లేదు. క్లెయిము పోయింది. స్పష్టంగా ఉన్నదాన్ని జాలిపడి కోర్టు తిరగరాయదు.

రేణిగుంట రోడ్లు కలిసే ఊరు కాబట్టి లారీల మాట చెప్పకుండా దాటలేను. లోడు లారీలో టమోటా గంపలతో పాటు వచ్చే రైతు ప్రమాదంలో పోతే, సరుకు యజమానిగా అతనికి మోటారు వాహనాల చట్టపు 1994 సవరణ రక్షణ ఉంది. అదే లారీ ఎక్కిన పెళ్లివారికి లేదు. గూడ్సు బండిలో ఊరికే ఎక్కినవాళ్ల బాధ్యత బీమా కంపెనీది కాదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. పరిహారం ఓనరు ఇచ్చుకోవాలి. ఓనరు దగ్గర ఉంటుందా అన్నది వేరే ప్రశ్న.

బందరు కేసుకు జవాబు 2018లో వచ్చిందని నా అభిప్రాయం. మనవైపు నుంచే ఒక హౌసింగ్ లోన్ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. లోనుతో పాటు బీమాకు ప్రీమియం కోసుకున్నారు. మనిషి పోయాక పాలసీయే లేదన్నారు. జస్టిస్ ఎన్.వి. రమణ, తర్వాత మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చిన జస్టిస్ అబ్దుల్ నజీర్ ఆ కేసు విన్నారు. 1984 తీర్పును కొట్టెయ్యలేదు. దాన్ని గుడ్డిగా పట్టుకోవద్దన్నారు. వద్దనుకుంటే తగిన వ్యవధిలో వద్దనాలి, డబ్బు ఉంచుకుని ఏళ్లు గడిపాక ఒప్పుకున్నట్టే భావించవచ్చు, నిజాయితీ రెండు పక్షాలకూ ఉండాలి అన్నారు.

అంతా అయ్యాక జీవిత బీమా కేసు ప్రపోజల్ ఫారం దగ్గరికే వస్తుంది. పైన ఏజెంటు చేతిరాతలో ఇంగ్లీషు, షుగరుందా బీపీ ఉందా అన్నచోట వరసగా ‘నో’లు, కింద మనవాడి తెలుగు సంతకం. జబ్బు దాచాడని కంపెనీ అంటే రుజువు చేయాల్సింది కంపెనీయే. జీవిత బీమాలో మూడేళ్లు దాటితే బీమా చట్టం 45వ సెక్షను ప్రకారం ఆ మాట ఎత్తడానికే లేదు. కానీ ఆ మూడేళ్లలోపు సంతకం మనల్ని పట్టిస్తుంది.

అందుకని అయ్యా, అమ్మా, ఫారం చదివించుకుని సంతకం పెట్టండి, నకలు ఇంట్లో ఉంచుకోండి. క్లెయిము తిరగ్గొడితే ఊరుకోకండి. హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, అక్కడ ఫీజు లేదు, కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్లు గడువు, మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు.