ఉద్యోగం చేస్తూ రెండు పీజీలు: గంటల లెక్క చూసుకుందాం

 

మనవాళ్లు ఆశ్రమ పాఠశాలల్లో, సచివాలయాల్లో, ఆరోగ్య ఉపకేంద్రాల్లో ఉద్యోగాలు చేసుకుంటూనే పీజీలు చదువుతున్నారు. ఇప్పుడు చాలామంది ఒకదానితో ఆగడం లేదు. "ఒకేసారి రెండు చదవొచ్చట, నిజమేనా?" అని మమ్మల్ని అడుగుతున్నారు. నిజమే. 2022లో యూజీసీ అందుకు ఒప్పుకుంది. ఉద్యోగం ఉన్నవాళ్లకు పనికొచ్చే దారి, రెండూ దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో చేయడం. పీహెచ్‌డీకి మాత్రం ఇది వర్తించదు.

సరే, అనుమతి ఉంది. మరి గంటలు ఉన్నాయా?

ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 80 క్రెడిట్ల ఎం.ఏ. అంటే 2,400 గంటలు. రెండేళ్లలో అయిపోవాలంటే వారానికి 23 గంటలు కూర్చోవాలి. అలాంటివి రెండు ఒకేసారి పెట్టుకుంటే 46 గంటలు. అంటే ఇంకో ఉద్యోగమే! హాస్టల్‌లో రాత్రి డ్యూటీ, పిల్లలకు జ్వరాల కాలం, ఇంటి దగ్గర వరికోతలు, కొత్తల పండుగ... వీటి మధ్య ఆ 46 గంటలు ఎక్కడివి?

అయితే ఆ రెండేళ్ల ఎం.ఏ.ను నాలుగేళ్ల దాకా పూర్తి చేసుకునే వీలుంది. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. అందుకే మేము చెప్పేది, మొదటిదానిలో సగం పేపర్లు దాటాకే రెండోదానికి ఫీజు కట్టండి. రెండోదాన్ని మెల్లగా నడపండి. రెండూ ఇగ్నోలోనే అయితే ఇంకో చిక్కు ఉంది. పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో వస్తాయి. రెండు కోర్సుల పేపర్లు ఒకే రోజు, ఒకే పూట పడితే ఒకటి వదులుకుని ఆరు నెలలు ఆగాలి. టైంటేబుల్ రాగానే రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే పరీక్ష ఫీజు కట్టండి. పేపరుకింతని కట్టేది మన జీతం డబ్బే కదా. సెంటరు దూరమైతే బస్సు చార్జీలు, లాడ్జి ఖర్చు అదనం.

ఇక ఏం చదవాలి? పక్కవాడు కట్టాడని కట్టకండి. రెండో డిగ్రీ మొదటిదానికి ఆసరాగా ఉంటే చదివిందే రెండు చోట్లా పనికొస్తుంది. టీచర్లు ఎడ్యుకేషన్‌తో పాటు ఆంత్రోపాలజీనో, జానపద సంస్కృతి అధ్యయనమో తీసుకోవచ్చు. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లవాడికి తెలుగు పాఠం ఎందుకు ఎక్కదో, మన డోలీలు చెప్పే పడిగె కథకు ఎంత విలువుందో అప్పుడు పుస్తకంలోనూ కనిపిస్తుంది. సోషల్ వర్క్ మంచిదే కానీ దానిలో ఫీల్డ్‌వర్క్ తప్పనిసరి. సెలవు దొరకని ఉద్యోగమైతే దాన్ని వేరేదానితో కలపకండి.

చెల్లెళ్ల సంగతి వేరుగా చెప్పాలి. మగవాడు పుస్తకం పడితే ఇల్లు నిశ్శబ్దమవుతుంది. ఆడపిల్ల పుస్తకం పడితే, "పొయ్యి మీద ఏముంది?" అంటారు. పరీక్షల నెలలో వంట ఎవరిది, పిల్లలు ఎవరి దగ్గర అన్నది అడ్మిషన్‌కు ముందే ఇంట్లో మాట్లాడుకోండి. అన్నలారా, ఈ మాట మీకు కూడా.

పరీక్ష కూడా తామే రాయిస్తామని, సర్టిఫికెట్ ఇంటికే పంపుతామని ఫోన్లు చేసేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి. ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకు, ఆ ఏడాదికి అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో చూసుకోండి. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్లు చేరేముందే పై అధికారికి దరఖాస్తు పెట్టి, ఆ కాగితం దాచుకోండి. ప్రమోషన్ సమయంలో అడిగేది దాన్నే.

దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగు నేల మీదే మొదలైంది. ఇప్పుడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. కూలికి, నౌకరీకి పోయేవాళ్లు కూడా చదువుకోవాలనే పెట్టారు. కాబట్టి ఉద్యోగం చేస్తూ చదవడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

మేము చదివేసిన పుస్తకాలు సంఘం గదిలో ఉన్నాయి. తీసుకెళ్లండి. పరీక్ష అయ్యాక తిరిగి తెచ్చిపెట్టండి, వెనక ఇంకొకరు అడుగుతారు.