కాలిబాట యుండగా నడివీధి యేల?



కొన్ని మాసముల క్రిందట నేనొక పనిమీద మన ప్రాంతపు పట్టణమొకదానికి పోయితిని. బస్సు దిగి అంగడివీధి వెంట నడచుచుండగా, మోటారుసైకిలుపై వచ్చిన యువకుడొకడు నా ప్రక్క నాగి, "తాతా! పక్కన ఫుట్‌పాత్ ఉండంగ నడిరోడ్డు మీద నడుస్తున్నవేంది?" అని మందలించి పోయెను. అతని మాట న్యాయమేయని తోచి కాలిబాట నెక్కితిని. ఆ నడక నాకు నేర్పిన పాఠమే నేటి నా ప్రసంగమునకు విషయము.

ఎక్కుటకే మోకాటిపై చేయి నూదవలసి వచ్చెను. అంచురాయి అంత యెత్తుగా నుండెను. ఇరువది యడుగులు నడచితినో లేదో, ఒక దుకాణమువారి బకెట్లును తాళ్లచుట్టలును అడ్డమాయెను. దిగి, చుట్టి, మరల నెక్కితిని. పిదప విద్యుత్తు స్తంభము, ఆపై వరుసగా నిలిపిన మోటారుసైకిళ్లు, ఆపై మురుగుకాలువ మీది బండ లేక నోరు తెరచియున్న గుంట. నూరు గజముల దూరములో ఏడుమార్లు దిగి ఏడుమార్లెక్కితిని. ఎనిమిదవమారు దిగినవాడను మరల నెక్కలేదు.

పల్లెటూరివారికి పట్టణపు మర్యాద తెలియదని కొందరు నవ్వుదురు. అది సరికాదు. మన జనులు నడక యెరుగనివారు కారు. ఆదిలాబాదు ప్రాంతమున మెస్రం వంశీయులు నాగోబా పూజకు గోదావరీజలము తెచ్చుటకై నేటికిని కాలినడకనే పోవుచున్నారు. వేములవాడకును, కొండగట్టునకును నడచిపోవు భక్తులను మీరెల్లరు నెరుగుదురు. నడచువాని పాదము తనకు మేలైన త్రోవను తానే వెదకికొనును. వానికి కావలసినది తెగిపోని త్రోవ, సమమైన నేల, ఇరువురు మాటలాడుకొనుచు సాగుటకు చాలినంత వెడల్పు. ఈ మూడును రోడ్డుమీద నున్నవి, కాలిబాటమీద లేవు. బండికొరకు వేసిన రోడ్డు ఎచ్చటను తెగదు. మనిషికొరకు వేసిన బాట మాత్రము ప్రతి దుకాణము ముందరను తెగును.

కాలిబాట యనునది నేటి వింత కాదు. ఇటలీ దేశమున క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో మునిగిన పాంపేయీ నగరమును త్రవ్వగా, వీధుల కిరుప్రక్కల ఎత్తైన కాలిబాటలును, వీధి దాటుటకు నడుమ పరచిన మెట్టురాళ్లును బయల్పడినవి. మన దేశమునను నియమములు లేకపోలేదు. భారత రోడ్ల కాంగ్రెసువారు 2012లో సవరించిన సూచనలలో, ఇండ్లుగల వీధులలో కాలిబాటకు అడ్డులేని వెడల్పు 1.8 మీటర్లకు, అనగా సుమారు ఆరడుగులకు, తగ్గరాదనియు, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లకు మించరాదనియు చెప్పిరి. 2025 మే మాసమున సుప్రీంకోర్టువారు, అడ్డులేని కాలిబాట నుపయోగించుకొను హక్కు రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవించు హక్కులో భాగమని పలికిరి. ఆ మాట ఊరక పలికినది కాదు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో సుమారు అయిదవవంతు పాదచారులు.

అట్లని బాటమీద కూరగాయలమ్ముకొను పేదరాలిని తరిమివేయుట న్యాయమనుకొనరాదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టము ఆమె జీవనమునకు రక్షణ నిచ్చినది. ఆమెకు తగిన చోటు చూపుమనియు చెప్పినది. చోటు చూపినప్పుడే బాటయు మిగులును, ఆమె బ్రతుకును మిగులును.

ఇంతవరకు పట్టణపు తప్పు చెప్పితిని. ఇక నా తప్పు చెప్పవలెను.

ఒక యేడు మక్కలు విరిచిన పిమ్మట, ఇంటి ముంగిట చోటు చాలక, మా యూరి తారురోడ్డు మీద సగము మేర ఆరబోసితిని. బండ్లు తొక్కకుండ చుట్టును పెద్ద రాళ్లు పెట్టితిని. యాసంగి వడ్లకును అందరు చేయునదే గదా యని నా సమాధానము. నాటి సాయంకాలము చీకటి పడువేళ, మా పొరుగింటి వృద్ధుడొకడు పొలమునుండి వచ్చుచు, ఎప్పటివలె రోడ్డు అంచున నడచుటకు వీలులేక నా మక్కలను చుట్టి నడిమికి పోయెను. ఎదురుగా వచ్చిన మోటారుసైకిలు ఆయనను పడగొట్టెను. కాలు విరిగినది. నేటికిని ఆయన కర్ర లేక నడువలేడు. నడివీధిని నడచెనని ఆ బండివాడు ఆయననే తిట్టెను. నేను విని మిన్నకుంటిని. ఆయనను నడివీధికి నెట్టినవాడను నేనేయని చెప్పుటకు ఆనాడు నాకు నోరు రాలేదు.

పట్టణములో బకెట్లు పెట్టిన దుకాణదారునికిని, మక్కలు పోసిన నాకును భేదమేమి? కావున పెద్దలగు మీకు నా మనవి యిది. ధాన్యమునకు కల్లములను, సిమెంటు గచ్చులను గ్రామసభలో నడుగుడు; రోడ్డును కల్లము చేయకుడు. ఊరి రోడ్డున కిరుప్రక్కల మట్టి అంచును ముండ్లకంపలు లేకుండ, పెంటకుప్పలు లేకుండ నిలుపుడు. కాలిబాట లేనిచోట, ఎదుట వచ్చు బండి కనబడునట్లు కుడిప్రక్కన నడువుడు. చీకటివేళ తెల్లని కండువయో, చేతిదీపమో విడువకుడు.

ఇకమీదట నడివీధిని నడచు మనుష్యుని చూచినప్పుడు, వానిని మందలించుటకు ముందు, వాని త్రోవ నెవరు తీసికొనిరో యొకమారు చూడుడు.