గుణకంలో కులం ఎక్కడుంది? ఖరగ్‌పూర్ నుంచి ఒక లెక్క

(ఖరగ్‌పూర్‌లో తెలుగు విద్యార్థులతో జరిగిన చిన్న సమావేశంలో చేసిన ప్రసంగం. స్వల్ప మార్పులతో.)



నన్ను పిలిచిన పిల్లలు ఒకటే అడిగారు. "సార్, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వల్ల మన ఊరికి ఎంత లాభమో లెక్కగట్టి చెప్పండి" అని. అలాంటి లెక్కలు ఎలా వేస్తారో ఈరోజు చెబుతాను. వాటిలో ఎవరు కనబడతారో, ఎవరు కనబడరో కూడా చెబుతాను. అంకె మాత్రం చెప్పను. ఎందుకు చెప్పనో చివరికి మీకే తెలుస్తుంది.

ముందు మా ఇంటి సంగతి. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికి వచ్చాడు. గ్యాంగ్‌మన్‌గా చేరాడు, గ్యాంగ్‌మన్‌గానే దిగిపోయాడు. మా మామ్మ దాన్ని తలరాత అనేది. నేను డిగ్రీలో ఉన్నప్పుడు బాబాసాహెబ్ 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జీఐపీ రైల్వే దళిత కార్మికుల ముందు చేసిన ప్రసంగం చదివాను. రైల్వేలో దళితుడు గ్యాంగ్‌మన్‌గానే ఎందుకు మిగిలిపోతున్నాడో ఆయన అందులో విడమరిచి చెప్పారు. పోర్టర్ పని కూడా ఎందుకు ఇవ్వరంటే, పోర్టర్ చేత స్టేషన్ మాస్టర్ ఇంటిపని కూడా చేయించుకుంటాడు. అంటరానివాణ్ణి పెట్టుకుంటే ఇంట్లోకి రానివ్వలేడు కదా! మా తాత తలరాత అనుకున్నది నిజానికి ఒక నియామక పద్ధతి అని ఆ రోజు నాకు అర్థమైంది. ఆర్థికశాస్త్రం చదవాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

ఇక లెక్క దగ్గరికి వద్దాం.

ఒక ప్రాంతానికి కొత్త ఫ్యాక్టరీ వచ్చినా, ఉన్నది మూతపడినా, వరద వచ్చినా, ప్రభుత్వం విధానం మార్చినా, ఆ కుదుపు ఎంత దూరం పాకుతుందో అంచనా వేసే పద్ధతులు కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది వాసిలీ లియోంటీఫ్ రూపొందించిన ఇన్‌పుట్-అవుట్‌పుట్ పట్టిక. 1930లలో మొదలుపెట్టిన ఆ పనికి ఆయనకు 1973లో నోబెల్ వచ్చింది. ఆలోచన తేలికైనదే. ప్రతి పరిశ్రమా ఇంకో పరిశ్రమ దగ్గర సరుకు కొంటుంది. ఎవరు ఎవరి దగ్గర ఎంత కొంటున్నారో ఒక పెద్ద గళ్ల కాగితం మీద రాస్తే, ఒక గడిలో వచ్చిన మార్పు మిగతా గళ్లకు ఎలా పాకుతుందో తేలుతుంది. దీన్ని ప్రాంతాల మధ్య లెక్కగా మలిచినవాడు వాల్టర్ ఇసార్డ్. ధరలు, జీతాలు కూడా మారతాయని ఒప్పుకుని లెక్కవేసే సాధారణ సమతౌల్య నమూనాలు ఆ తర్వాత వచ్చాయి. 1960లో నార్వేకి లీఫ్ యొహాన్సెన్ చేసింది వాటిలో తొలిది.

ఒక ఊహాత్మక ఉదాహరణ చెబుతాను. పార్కులో ఒకరికి 100 రూపాయలు జీతం వచ్చిందనుకోండి. అందులో 60 గోల్‌బజార్‌లో ఖర్చు పెట్టాడు. అక్కడి దుకాణదారు ఆ 60లో మళ్లీ 60 శాతం, అంటే 36 రూపాయలు, ఈ ఊళ్లోనే ఖర్చు పెట్టాడు. ఇలా తిరుగుతూ పోతే మొత్తం 250 రూపాయలవుతుంది. దీన్నే గుణకం అంటారు, ఇక్కడ అది రెండున్నర. ఇప్పుడు అదే 100లో ఊళ్లో తిరిగేది 30 శాతమే అనుకోండి. మొత్తం 143 దగ్గర ఆగిపోతుంది. మిగతా డబ్బు కోల్‌కతాకో, ముంబైకో, ఆన్‌లైన్ దుకాణానికో కారిపోయింది. ఫ్యాక్టరీ అదే, జీతం అదే, కానీ ఊరికి దక్కింది వేరు.

అందుకే ఎవరైనా మన దగ్గరికొచ్చి ఇన్ని వేల కోట్ల పెట్టుబడి, ఇన్ని వేల ఉద్యోగాలు అన్నప్పుడు నేను మూడు ప్రశ్నలు అడుగుతాను.

మొదటిది, ఇది కొత్తగా వచ్చిందా, పక్కూరి నుంచి వచ్చిందా? పార్కులో ఉన్న టాటా హిటాచీనే చూడండి. ఆ కంపెనీ జంషెడ్‌పూర్‌లో చేసే పనిని ఖరగ్‌పూర్‌కు మార్చుకుంది. బెంగాల్ లెక్కలో అది లాభం, ఝార్ఖండ్ లెక్కలో నష్టం. రెండు రాష్ట్రాలనూ ఒకే పట్టికలో పెట్టి చూస్తే చాలా భాగం ఒకదానికొకటి కొట్టివేసుకుపోతుంది. ఒక్క రాష్ట్రం గీత గీసి వేసిన లెక్క ఎప్పుడూ మురిపెంగానే కనిపిస్తుంది.

రెండోది, ఈ నేల మీద ముందు ఎవరు బతికారు? ఫ్యాక్టరీ ఇచ్చేదాన్ని కూడినప్పుడు, ఆ నేల ఇంతకుముందు ఇచ్చినదాన్ని తీసివేయాలి. ఇక్కడి భూమిని 2013 భూసేకరణ చట్టం రాకముందే తీసుకున్నారు. అప్పుడున్నది 1894 నాటి చట్టం. దాని చూపంతా పట్టా ఉన్నవాడి మీదే. సెంటు భూమి లేక ఆ పొలాల్లో కూలికి పోయినవాళ్లకు, గట్ల మీద మేకలు మేపుకున్నవాళ్లకు నష్టపరిహారం చిట్టాలో గడి లేదు. జీవనోపాధి కోల్పోయినవాళ్లు కూడా బాధితులేనని చట్టం ఒప్పుకుంది 2013లోనే. ఈ దేశంలో పట్టా ఎవరి చేతిలో ఉంటుందో, కూలి ఎవరు చేస్తారో మీకు చెప్పనక్కర్లేదు. కాగితం మీద లేనివాడి నష్టం లెక్కలో సున్నా అవుతుంది. ఆ సున్నాలో కులం ఉంది.

మూడోది, వచ్చిన ఉద్యోగం ఎవరి ఇంటికి పోతుంది? పట్టికలో "శ్రామికుల వేతనాలు" అని ఒక్క వరుసే ఉంటుంది, మనుషులంతా ఒకటే అన్నట్టు. బాబాసాహెబ్ 1936లోనే చెప్పారు, కులం శ్రమను విభజించడంతో ఆగదు, శ్రామికులనే మెట్లుమెట్లుగా విడగొడుతుందని. సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ కలిసి చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. పత్రికల్లో పడ్డ ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు, సమానమైన అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. సవర్ణ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే. అదే జల్లెడ మన పార్కు గేటు దగ్గర లేదని ఎవరు హామీ ఇస్తారు?

మా పిన్ని కొడుకు ఐటీఐ ఫిట్టర్. ఊరికి దూరంగా ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద చేరాడు. ఇంటర్వ్యూలో అడిగిన మొదటి ప్రశ్న "మీ నాన్న రైల్వేలో ఏం పని?" సఫాయి పని అన్నాడు. ఫిట్టర్‌గా తీసుకున్నారు గానీ, మూడో నెల నుంచి చీపురు ఇచ్చారు. మోడల్ భాషలో వాడు "ఒక ప్రత్యక్ష ఉద్యోగం." లెక్క సరిపోయింది, మనిషే సరిపోలేదు.

మిత్రులారా, రైల్వేలో కులం లేదని నేను అనడం లేదు. మా తాత కథ ఇప్పుడే చెప్పాను. కానీ స్వాతంత్ర్యం తర్వాత అక్కడ రిజర్వేషన్ వచ్చింది. నిమ్‌పురాలో, మథురాకాటీలో మన ఇళ్లలోంచి చదువుకున్నవాళ్లు బయటికి వచ్చారంటే ఆ జీతం, ఆ క్వార్టరు, ఆ పింఛను వల్లే. పార్కులో రిజర్వేషన్ లేదు. దేశమంతటా రైల్వే ఉద్యోగులు 1990 ప్రాంతంలో దాదాపు 16 లక్షల 50 వేలు. ఇప్పుడు దాదాపు 12 లక్షలు. రైల్వేలో వంద తగ్గి పార్కులో వంద పెరిగితే, మోడల్ దృష్టిలో ఏమీ మారలేదు. మన బస్తీ దృష్టిలో అంతా మారింది.

2020 గుర్తు చేసుకోండి. మార్చి 22న ప్రయాణికుల రైళ్లు ఆగాయి. బెంగాల్‌లో లోకల్ రైళ్లు మళ్లీ కదిలింది నవంబర్ 11న. 2021 మేలో మళ్లీ ఆపి, అక్టోబర్ చివర్లో గానీ వదల్లేదు. రైల్లో పల్లీలు, టీ అమ్ముకునేవాళ్లు, లోకల్ ఎక్కి ఇళ్లలో పనికి పోయే ఆడవాళ్లు, కాంట్రాక్టు కూలీలు ఒక్క రోజులో ఆదాయం పోగొట్టుకున్నారు. రైల్వే ఉద్యోగికి డీఏ ఆపారు గానీ జీతం ఆగలేదు. మా వీధిలో కిరాణా కొట్టు మూతపడకపోవడానికి కారణం పర్మినెంట్ జీతాలు, పింఛన్లు ఉన్న నాలుగు ఇళ్లే. ఆ కొట్టువాడు మిగతావాళ్లకు అరువు ఇవ్వగలిగిందీ వాళ్ల వల్లే. అంటే పర్మినెంట్ ఉద్యోగం ఒక్క కుటుంబానికి తిండి పెట్టడంతో ఆగదు. కుదుపు వచ్చినప్పుడు వీధినంతా కాస్తుంది. సగటు ఆదాయం సమానంగా ఉన్నా సరే, పర్మినెంట్ ఉద్యోగాల స్థానంలో కాంట్రాక్టు పనులు వస్తే ఊరు తేలిగ్గా కూలుతుంది. గుణకం ఒక్కటే చూసేవాడికి ఇది కనబడదు.

పరిష్కారం ఏమిటి? మోడళ్లను పారేయమని నేను చెప్పడం లేదు. పార్కు వద్దని కూడా అనను. చిన్న కమతాల మీద 1918లో రాసిన వ్యాసంలో బాబాసాహెబ్ స్వయంగా పరిశ్రమలు రావాలన్నారు. మిగులు శ్రమ నేల మీదే పడి ఉంటే వ్యవసాయమూ బాగుపడదన్నారు. మనం అడగాల్సింది మెరుగైన లెక్క. సోషల్ అకౌంటింగ్ మ్యాట్రిక్స్ అనే పద్ధతి ఉంది. రిచర్డ్ స్టోన్ వేసిన దారి అది. అందులో కుటుంబాలను వర్గాలుగా విడగొట్టి, ఏ జీతం ఏ కుటుంబానికి పోతుందో రాయొచ్చు. ఆ వరుసలు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఇతరులు అని ఎందుకు ఉండకూడదు? జాతీయ శ్రామిక సర్వేలో సామాజిక వర్గం అడుగుతున్నారు. కానీ ఫ్యాక్టరీల వార్షిక సర్వే కాంట్రాక్టు కూలీలను విడిగా లెక్కపెడుతుంది గానీ కులం అడగదు. జనగణనలో కులాన్ని లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. జనం లెక్క వచ్చాక, జీతాల లెక్కలో కూడా ఆ గడి కావాలని అడగడం మన పని.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు ఇంకో చిక్కు ఉంది. 2020 డిసెంబర్‌లో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల్లో చోటు ఇచ్చింది, సంతోషమే. కానీ ఎస్సీ జాబితాలు రాష్ట్రానికొకటి. ఒకచోట ఎస్సీ అయినవాడు వలస వెళ్లినచోట ఆ హోదా అడగలేడని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖర్ రావు కేసులో చెప్పింది, 2018లో బీర్ సింగ్ కేసులోనూ అదే నిలబెట్టింది. అంటరానితనం రైలెక్కి మనతో వచ్చింది, సర్టిఫికెట్ మాత్రం రాలేదు. ఏ గణాంకంలోనూ సరిగ్గా పడని ఇలాంటి కుటుంబాలను ఏ మోడలూ దానంతటది వెతకదు.

అందుకే మీకు ఒక పని అప్పగిస్తున్నాను. మీ వీధిలో ఇంటింటికీ వెళ్లండి. ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారు, పర్మినెంటా కాంట్రాక్టా, పనిలో చేరినప్పుడు ఏం అడిగారు, జీతంలో ఎంత ఈ ఊళ్లో ఖర్చవుతోంది, 2020లో ఎన్ని నెలలు ఆదాయం ఆగింది. ఈ ఐదు ప్రశ్నలు చాలు. గళ్ల కాగితం నేను తెస్తాను, పట్టిక మనం కలిసి వేద్దాం.

మొదట అంకె చెప్పనన్నాను. ఇప్పుడు తెలిసింది కదా, మీరు ఆ కాగితాలు నింపేదాకా ఎవరి దగ్గరా నిజమైన అంకె లేదు.

జై భీమ్.