సీసా మీది చీటీ



మద్యమును గూర్చి రేడియోలో ప్రసంగించుట ఉచితమా యని పెద్దలు కొందరు సందేహింపవచ్చును. త్రాగుడని చెప్పుటకు గాని, మానుడని చెప్పుటకు గాని నేను పూనుకొనలేదు. ఆ రెండు పనులకును లోకములో తగినంతమంది ఉన్నారు. నేటి విషయము కొనుగోలు. కొద్దిపాటి సొమ్ముతో దుకాణములో అడుగిడినవాడు, ఒకే తేనెరంగుతో మెరయుచున్న నూరు సీసాల నడుమ నిలిచి, మూత తీసి చూచు వీలు లేకుండగనే, వానిలో మంచిది ఏదియో ఎట్లు గుర్తింపగలడు? బియ్యమైనచో గుప్పెడు తీసి రెండు గింజలు కొరికి చూతుము. నేయియైనచో ముంజేతికి రాచి వాసన చూతుము. విస్కీ సీసాకు ఆ సదుపాయము లేదు. కొనువాని చేతికి చిక్కునది పైని అంటించిన చీటీ యొక్కటే.

ఆ చీటీమీద రెండు రకముల మాటలుండును. కొన్ని చట్టము పలికించిన మాటలు. కొన్ని అమ్మువాడు తనంతట తాను పలికిన మాటలు. కలవారు రెంటికిని వెల చెల్లింపగలరు. మధ్యతరగతివాడు మొదటివానికి మాత్రమే చెల్లించుట మేలు. దీనికి అమెరికాదేశపు విస్కీని ఉదాహరణముగా గ్రహింతము. మన ఇండ్లనుండి ఆ దేశమునకు వెళ్లి స్థిరపడిన పిల్లలున్నారు. వారిని చూడబోవు తలిదండ్రులున్నారు. విందుకో, స్నేహితునికి బహుమతిగనో ఒక సీసా కొనవలసిన పని వారికి తగులుచునే యుండును.

పందొమ్మిదవ శతాబ్దమున ఆ దేశములో విస్కీ హెచ్చుగా పీపాలలోనే అమ్ముడుపోయెడిది. పీపా డిస్టిలరీ దాటిన పిదప దానిలో ఎవరేమి కలిపినను అడుగువాడు లేడు. రుచి లేని ముడి మద్యసారమునకు మాడ్చిన చక్కెరతో రంగు తెచ్చి, ఎండిన రేగుజాతి పండ్ల రసమును, పొగవాసనకై క్రియోసోటును కలిపి, పాత విస్కీ యని అమ్మెడి వర్తకులు బయలుదేరిరి. మన పాలలో నీరు కలిపినవాడు వీరితో పోల్చిన ధర్మాత్ముడే. లూయీవిల్ నగరములో జార్జి గార్విన్ బ్రౌన్ అను వర్తకుడు 1870లో ఓల్డ్ ఫారెస్టర్ అను పేర తన విస్కీని మూతవేసి ముద్రించిన సీసాలలో అమ్మ నారంభించెను. సీసా యనునది నాడు అలంకారము గాదు, కల్తీ జరుగలేదని చూపెడి సాక్ష్యము.

ఒక్క వర్తకుని నిజాయితీతో దేశమంతటి కల్తీ ఆగదు గదా! కెంటకీ రాష్ట్రమునకు చెందిన డిస్టిలరీ యజమాని కర్నల్ ఎడ్మండ్ టేలర్, నాటి ఆర్థికశాఖ కార్యదర్శి జాన్ కార్లైల్ మొదలగువారి పూనికతో 1897 మార్చిలో ఒక చట్టము వెలువడెను. అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ పదవి వీడుటకు ముందటి దినమున దానిపై సంతకము చేసెను. "బాటిల్డ్ ఇన్ బాండ్" అను మూడు మాటలు చీటీమీదికి వచ్చినది ఆ చట్టము వలననే. ఆ మాటలు వ్రాసికొనవలెనన్న, సీసాలోని విస్కీ యంతయు ఒకే డిస్టిలరీలో, ఒకే డిస్టిలరు చేత, ఒకే ఋతువులో బట్టీ పెట్టినదై యుండవలెను. ఋతువనగా వారి లెక్కలో ఆరు నెలలు: జనవరి మొదలు జూను వరకు ఒకటి, జూలై మొదలు డిసెంబరు వరకు ఒకటి. అది సర్కారు పర్యవేక్షణ గల బాండు గిడ్డంగిలో, పీపాలయందు నాలుగేండ్లకు తక్కువ గాకుండ నిలువ యుండవలెను. సరిగా నూటికి 50 పాళ్ల మద్యసారముతో సీసాకెక్కవలెను. దానిని దింపిన డిస్టిలరీ ఏదియో చీటీ తెలుపవలెను. నీరు తప్ప వేరేదియు కలుపరాదు.

దీనివలన సర్కారువారికిని లాభము లేకపోలేదు. విస్కీ గిడ్డంగిలో ఉన్నంతకాలము సుంకము వాయిదాపడును. బయటికి వచ్చునప్పుడు వసూలగును. కావున గిడ్డంగికి సర్కారు తాళము, సీసా మెడకు సర్కారు ఆకుపచ్చ ముద్రకాగితము ఏర్పడెను. సుంకము కొరకు వేసిన తాళము త్రాగువాని ఆరోగ్యమును కూడ కాపాడినది. ఆ తాళములును, ఆకుపచ్చ కాగితములును ఇప్పుడు లేవు. కాని ఆ నిబంధనలు చీటీలకు సంబంధించిన నియమములలో నేటికిని నిలిచియున్నవి.

ఇంత కట్టుబాటు గల సరుకు మిక్కిలి ఖరీదైనదై యుండునని తోచును. చిత్రమేమనగా, అట్లు కాలేదు. 1960 తరువాత అమెరికనుల నాలుక వోడ్కా వైపునకును, తేలికరకపు స్కాచ్ వైపునకును తిరిగినది. బాండు విస్కీ తాతగారి అలవాటుగా మిగిలి, దుకాణములో అడుగు అరకు దిగజారినది. ఈ శతాబ్దములో బోర్బన్ విస్కీకి తిరిగి ప్రతిష్ఠ వచ్చి వెలలు పెరిగినను, పాత పేర్లు కొన్ని ఆ అడుగు అరలోనే యున్నవి. తెల్లచీటీ ఎవాన్ విలియమ్స్ అట్టిది. రై ధాన్యము పాలు హెచ్చుగా ఉండి నాలుకకు మిరియపు ఘాటు తగిలించెడి ఓల్డ్ గ్రాండ్ డాడ్ బాండు విస్కీ యు అట్టిదే. రాష్ట్రమునుబట్టి పన్నులు మారుటచే వెల ఇంతయని ఖండితముగా చెప్పరాదు. సుమారు 20 డాలర్లకు అటునిటుగా ఉండును. క్రొత్తగా వెలసిన చిన్న డిస్టిలరీలు కొన్ని ఇవే మూడు మాటలు వ్రాసికొని ఇంతకు రెండింతలు పుచ్చుకొనుచున్నవి. కావున ఆ మాటలు సరుకు నిజమైనదని చెప్పునే గాని, చవుకయని చెప్పవు.

బాండు మాట లేని సీసాలలో వెదకవలసిన మాట "స్ట్రెయిట్". బోర్బన్ అనగా నూటికి 51 పాళ్లకు తక్కువ గాకుండ మొక్కజొన్నతో తయారై, లోపల కాల్చిన క్రొత్త ఓక్ కొయ్య పాత్రలలో నిలువచేసినది. స్ట్రెయిట్ బోర్బన్ అనినచో రెండేండ్లకు తక్కువ గాని నిలువయు, రంగు గాని రుచి గాని బయటనుండి చేర్చలేదను హామీయు లభించును. నాలుగేండ్లు నిండనిచో వయసు చీటీమీద చెప్పి తీరవలెను. చాలమంది ఎరుగని కిటుకు ఇందున్నది: స్ట్రెయిట్ అని వ్రాసి, వయసు ఎక్కడను వ్రాయలేదన్నచో, అది కనీసము నాలుగేండ్లది. కాని వెనుకచీటీ కూడ త్రిప్పి చూడుడు. "36 నెలలు" అను మాట చీమతలకాయ యంత అక్షరములతో అక్కడ దాగియుండవచ్చును.

దీనికి విరుద్ధముగా జాగ్రత్తపడవలసిన మాట "బ్లెండెడ్". అమెరికాలో బ్లెండెడ్ విస్కీ యనగా అందు నూటికి 20 పాళ్లు స్ట్రెయిట్ విస్కీ యున్న చాలును. మిగిలినది రుచి లేని మద్యసారము కావచ్చును. స్కాట్లండులో ఇదే మాటకు అర్థము వేరు. అచటి బ్లెండెడ్ స్కాచ్‌లో మాల్టు విస్కీయు, ఇతర ధాన్యముల విస్కీయు కలిసియుండును. రెండును ఓక్ పీపాలలో మూడేండ్లకు తక్కువ గాకుండ నిలిచినవే. ఒకే మాట ఒకచోట హెచ్చరిక, వేరొకచోట నిశ్చింతగా కొనదగిన సామాన్యుని సరుకు. మన దేశమున విరివిగా అమ్ముడుపోవు విస్కీలలో పెక్కింటికి ఆధారము ధాన్యము గాదు, చెరకు మడ్డి. చెరకుమడ్డి నుండి తీసిన దానిని విస్కీ యని పిలుచుటకు ఐరోపా సమాఖ్య చట్టము ఒప్పుకొనదు.

ఇక ఘాటు లెక్క. అమెరికాలో 100 ప్రూఫ్ అనగా నూటికి 50 పాళ్లు. చూపిన సంఖ్యలో సగము. పాత బ్రిటిషు ప్రూఫ్ వేరు. అందు 100 ప్రూఫ్ అనగా నూటికి 57 పాళ్లకు పైచిలుకు. మన సీసాలమీద కనిపించు 42.8 అను విచిత్రమైన అంకె ఆ బ్రిటిషు లెక్కలోని 75 ప్రూఫే. ఈ రెంటిని కలిపివేసినచో లెక్క తప్పును.

అమెరికా సీసా మామూలుగా 750 మిల్లీలీటర్లు. నూటికి 40 పాళ్ల సీసాలో మద్యసారము 300 మిల్లీలీటర్లు; 50 పాళ్ల దానిలో 375. రెండవదానిలో సుమారు 188 మిల్లీలీటర్ల నీరు పోసినచో మొదటిదాని ఘాటునకు దిగి, మొత్తము 938 మిల్లీలీటర్లగును. అనగా మొదటిది 16 డాలర్లును రెండవది 20 డాలర్లును ఉన్నచో వెల ఒకటే యన్నమాట! నీరు ఇంటనే ఉన్నది. దానిని డిస్టిలరీనుండి కొని తెచ్చుకొననేల? నీరెంత పోయవలెనన్న నిర్ణయము కూడ మన చేతిలోనే నిలుచును. పుచ్చుకొను కొలతను మాత్రము ఆ మేరకు తగ్గించుకొనవలెను. పాత అలవాటున పోసికొన్నవానికి నాలుగవ వంతు అదనముగా లోపలికి పోవును.

వయసును గూర్చి జనులలో గొప్ప భ్రమ యున్నది. ఏండ్లు పెరిగిన కొలది విస్కీ మంచిదగుననుకొందురు. కెంటకీ వేసవి మన వేసవికి తీసికట్టే యైనను, స్కాట్లండు చలి ముందర అది కొలిమియే. అచటి పీపా క్రొత్తది. లోపల బొగ్గుగా కాల్చినది. అందు పట్టునది 53 గ్యాలన్లు, అనగా సుమారు 200 లీటర్లు. ఎండకు విస్కీ కొయ్యలోనికి ఇంకును, చలికి వెలికి వచ్చును. రంగును, తీపియు, వెనిల్లా వాసనయు త్వరితముగా పట్టును. ఏటేట కొంత ఆవిరియై పోవును. దానిని వారు దేవదూతల వంతు అందురు. పండ్రెండు పదునైదేండ్లు దాటిన పిదప పెక్కు పీపాలలో కొయ్య చేదు పైకి వచ్చును. స్కాట్లండులో వాడినది ఎక్కువగా పాత పీపా, గాలి చల్లనిది. అచట పండ్రెండేండ్లు పడుచుదనమే. కావున స్కాచ్ ఏండ్ల కొలతతో బోర్బన్‌ను కొలువరాదు. నాలుగు మొదలు ఎనిమిదేండ్ల బోర్బన్‌తో చక్కగా తృప్తిపడవచ్చును. అటుపైని ఏండ్లకు మనము చెల్లించునది చాలవరకు గిడ్డంగి అద్దె, ఆవిరి నష్టము, పన్ను. కెంటకీలో నిలువయున్న పీపాలకు ఆస్తిపన్ను కలదు. 2026 మొదలు క్రమముగా తగ్గించి 2043 నాటికి ఎత్తివేయునట్లు 2023లో చట్టము చేసిరి.

అరుదైనది గనుక మంచిదనుకొనుట ఇట్టి మరొక భ్రమ. పాపీ వాన్ వింకిల్ అను బోర్బన్ సీసాకై జనము లాటరీలలో పేర్లు నమోదు చేయించుకొందురు. ఫ్రాంక్‌ఫర్ట్ పట్టణమున అది తయారగు బఫెలో ట్రేస్ డిస్టిలరీ నుండి పెట్టెలకొలది దొంగిలింపబడినట్లు 2013లో వార్త వచ్చి దేశమంతట సంచలనమయ్యెను. అదే డిస్టిలరీలో, గోధుమ కలిపిన అదే పాకముతో తయారగు వెల్లర్ విస్కీ ఏండ్ల తరబడి సామాన్యుల అరలో పడియుండెను. ఈ చుట్టరికము నలుగురికి తెలియగానే అదియు దొరకకుండ పోయినది! ఒక సరుకును గూర్చి గుసగుస బయలుదేరినదన్నచో అల్పాదాయమువాడు దానిని విడిచి ప్రక్క సీసాను చూచుట మంచిది.

"స్మాల్ బ్యాచ్", "రిజర్వ్", "హ్యాండ్ క్రాఫ్టెడ్" అను మాటలకు అమెరికా కేంద్ర నియమములలో నిర్వచనము లేదు. ఎంత పెద్ద కొప్పెరలో కాచినను చిన్న దఫా యని వ్రాసికొనవచ్చును. "డిస్టిల్డ్ బై" యని యున్నదా, "బాటిల్డ్ బై" యని మాత్రమే యున్నదా చూడుడు. రెండవదైనచో సరుకు మరియొకచోటినుండి వచ్చియుండవచ్చును. ఇండియానా రాష్ట్రములోని లారెన్స్‌బర్గ్ పట్టణములో ఒక గొప్ప డిస్టిలరీ యున్నది. అక్కడి విస్కీ దేశములోని ఎన్నియో పేర్లతో, ఎన్నియో ముత్తాతల కథలతో సీసాలకెక్కుచున్నది. సరుకు మంచిదే, అందు సందేహము లేదు. ముత్తాతకే వెల ఎక్కువ.

వెల విషయమున ఒక్క మాట. ఆ దేశమున 17 రాష్ట్రములలో మద్యపు టోకువర్తకము ప్రభుత్వపు అదుపులో ఉన్నది. అట్టిచోట్ల దుకాణములు తిరిగి బేరము వెదకుట చాలవరకు వృథాశ్రమ. మిగిలినచోట్ల నాలుగు దుకాణములు చూచుట మంచిది. స్కాట్లండులో 2018 మొదలు మద్యమునకు కనీసపు వెల కలదు. 2024 సెప్టెంబరు చివర దానిని పెంచిన పిదప 700 మిల్లీలీటర్ల, 40 పాళ్ల సీసా 18 పౌనుల 20 పెన్నీలకు తక్కువకు అమ్మరాదు. అట్టిచోట అట్టడుగు సరుకునకును మంచి బ్లెండునకును నడుమ అంతరము రెండు మూడు పౌనులకు మించకపోవచ్చును. అక్కడ మరీ చవుకదానికి పోవుట లెక్క తెలియకపోవుటయే.

చీటీ యెంత చదివినను నాలుక తీర్పు వేరుగా ఉండవచ్చును. 50 మిల్లీలీటర్ల చిన్న సీసాలు కొన్ని రకములలో దొరకును. ముందు అది కొని రుచి చూడవచ్చును. దొరకనిచో బారులో ఒక కొలత పుచ్చుకొనుట పూర్తి సీసా కొని విచారించుట కంటె చవుక. తెచ్చిన సీసాను ద్రాక్షసారాయి వలె పరుండబెట్టక నిలువుగా ఉంచుడు. ఘాటైన మద్యము తగిలినచో బిరడా చివికి రుచి చెడును. కిటికీ ఎండ తగులని బీరువా చాలును. సీసాలోనికి చేరిన విస్కీకి వయసు పెరుగదు గనుక దాచియుంచిన మెరుగగునన్న ఆశ వలదు. సగమునకు దిగిన పిదప లోని గాలికి వాసన క్రమముగా పలుచబడును. అప్పటికి ఇంటికి చుట్టములెవరైన వచ్చిన మంచిదే.