సెగగడ్డ – దాని మూలము, నివారణము



నేటి నా ప్రసంగ విషయము సెగగడ్డ. ఇంత చిన్నదానికి రేడియోలో ప్రసంగమా యని మీలో కొందరు నవ్వవచ్చును. నేనును ఒకప్పు డట్లే తలచితిని. మా పినతండ్రిగారికి మధుమేహ ముండెడిది. ఒక వేసవిలో వారి మెడపై సెగగడ్డ లేచెను. వారు దానిని గోళ్లతో చిదుముచుండగా నేను చూచుచు నూరకుంటిని. మూడవనాటికి చలిజ్వరము వచ్చెను. మెడ యంతయు వాచెను. వైద్యశాలకు గొనిపోవునప్పటికి విషము రక్తమున కెక్కియుండెను. వారు మరల నింటికి రాలేదు.

ఇట్టి గడ్డలకు మూలము కంటి కగపడని సూక్ష్మజీవి. 1880లో స్కాట్లండు దేశపు శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ చీమును సూక్ష్మదర్శినితో పరీక్షించి, ద్రాక్షగుత్తులవలె గుమిగూడియున్న యీ జీవులను చూచెను. గ్రీకుభాషలో ద్రాక్షగుత్తి యను నర్థముగల పదమునుండి దీనికి స్టెఫిలోకాకస్ అను పేరు వచ్చినది.

ఇది దూరమునుండి వచ్చు శత్రువు కాదు. ఆరోగ్యవంతులలోనే నూటికి సుమారు 30 మంది ముక్కులలో కాపురముండును. చర్మము చెదరనంతవరకు బాధ లేదు. గీరుకొనిన చోటు, ముల్లు దిగిన చోటు, కత్తి తెగిన చోటు దానికి దారి. చెరువుగట్టునకు గండి పడినచో మీ రేమి చేయుదురు? తెల్లవారువరకు ఆగుదురా? చర్మము విషయమునను అట్లే చేయవలెను.

గాయమును వెంటనే సబ్బుతోను మంచినీటితోను కడిగి, శుభ్రమైన గుడ్డతో కప్పవలెను. బూడిద, మన్ను, పేడ పెట్టరాదు. గడ్డను చిదుమరాదు, వేడినీట ముంచి పిండిన శుభ్రమైన గుడ్డతో దినమునకు మూడు నాలుగు మారులు కాపవలెను. ముట్టుకొనిన పిదప చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. ఒకరి తుండుగుడ్డను, క్షవరపు కత్తిని మరొకరు వాడరాదు. జ్వరము వచ్చినను, ఎఱుపు వ్యాపించినను, గడ్డ ముఖమున లేచినను, రోగి పసిబిడ్డయో మధుమేహము గలవాడో యైనను జాగు సేయక వైద్యునికి చూపవలెను.

మందు లున్నవిగదా యందురేమో. 1928లో ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొనినది ఈ జీవిని పెంచుచున్న పళ్లెరములోనే. కాని 1961 నాటికి, పెన్సిలిన్‌కు లొంగని రకములకై చేసిన మెథిసిలిన్ అను మందునకును లొంగని రకము ఇంగ్లండులో బయలుపడెను. కావున వైద్యుడు చెప్పనిదే అంగడిలో మందు కొని మ్రింగకుడు. చెప్పిన మందును నడుమ మానకుడు.

మీ యింట నెవరేని గడ్డను చిదుముచుండిన, నావలె చూచుచు నూరకుండకుడు. చేయి పట్టి యాపుడు.